వెంకటాచలం దగ్గర ఆగే బండి

ఒకే బండికి రెండు టర్బోలు మార్చాను. విప్పి పక్కన పడేసిన రెండూ మంచివే. ముప్పై ఏళ్ళకు పైగా డీజిల్ బళ్ళ కింద పడుకుని లేచిన మనిషి గొప్పగా చెప్పుకునే మాట కాదిది. అయినా చెబుతున్నాను. మీలో కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు స్కానర్ తగిలించి అయిదు నిమిషాల్లో బండి జబ్బు చెప్పేస్తున్నారు. నేనూ అంత తొందరగానే చెప్పాను, ఒకసారి కాదు, మూడుసార్లు.

నాకు ముక్కు మీద కోపం, కాలు ఒకచోట నిలవదు. షెడ్డు మూసేసి రెండేళ్ళయింది. ఇప్పటికీ హైవే మీద పోయే బండి శబ్దం ఏ కొంచెం తేడాగా వినపడినా భోజనం ముందునుంచి లేచి గుమ్మంలోకి వస్తాను. మా ఆవిడ తిట్టీ తిట్టీ విసిగి మానేసింది. ఈ గుణం వల్ల నాకు పేరొచ్చింది, ఈ గుణం వల్లే ఆ బండి దగ్గర పరువూ పోయింది.

నా షెడ్డు నాయుడుపేటలో, హైవే పక్కన. పనిచేసేవాళ్ళం నలుగురం గానీ ఈ కథకు ఇద్దరు చాలు. ఒకరు ఎలక్ట్రీషియన్, తడ నుంచి వచ్చేవాడు. సగం తెలుగు, సగం అరవం, మధ్యలో వెటకారం. ఇంకొకరు బళ్ళు కడిగే ఆయన, నాకన్నా పెద్దవాడు, మాట తక్కువ. షెడ్డులో నాదొక నియమం ఉండేది. ఏ బండైనా సరే, గేటు దగ్గర ఇంజన్‌తో సహా శుభ్రంగా కడిగాకే లోపలికి రావాలి. సముద్రం వైపు ఊళ్ళ బళ్ళు ఇసుక, ఉప్పు, చేపల వాసన మోసుకుని వస్తాయి. మురికి బండి మీద చెయ్యి వేయడమంటే నాకు అసహ్యం. మా షెడ్డులో నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చని ఊళ్ళో అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు మహా సంతోషంగా ఉండేది.

ఆ బండి చేయి మారిన డీజిల్ కారు. కొన్నతను పులికాట్ వైపు ఊరివాడు, సముద్రం మీద వేటకు పోయే మనిషి. షోకుకు కొనలేదు. వాళ్ళ ఆవిడకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు నెల్లూరు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. బస్సులు మారి పోయే ఓపిక ఆమెకు లేదు. ఆసుపత్రిలో పొద్దున ఎనిమిదింటికి ఆమె బెడ్డు. అరగంట ఆలస్యమైతే ఆ బెడ్డు వెనక కాచుకున్నవాళ్ళకు ఇచ్చేస్తారు, ఈమె మర్నాటిదాకా ఆగాలి. ఆగితే ఒంట్లో నీరు చేరుతుంది, పడుకుంటే ఊపిరి అందదు. అందుకని ఆ కారు చేయాల్సిన పని ఒక్కటే, వారానికి మూడుసార్లు వేళకు నెల్లూరు చేరడం.

చేరేది కాదు. ఇంటి దగ్గర బాగానే బయలుదేరేది. నాయుడుపేట, గూడూరు దాటేది. వెంకటాచలం దగ్గరపడుతుండగా ఇంజన్‌లో బలం చచ్చిపోయి, డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలిగి, వెనక నల్లపొగ కక్కుతూ ఎద్దుబండిలా పాకేది. వెనక లారీలు హారన్లు మోగిస్తుంటే పక్కకు తీసి ఆపాలి. పావుగంట ఆపి మళ్ళీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు పోయేది, కొంతదూరం పోయాక మళ్ళీ అంతే.

టర్బో అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్కమాట. ఇంజన్ వదిలే పొగతో తిరిగే చక్రం అది. బయటి గాలిని ఫిల్టరు గుండా పీల్చి, ఒత్తి, ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎంత బాగా అందితే బండికి అంత బలం. ఈ బండికి గాలి అందడం లేదు, అంతవరకు స్కానర్ చెప్పింది. దాన్ని చదివి మా ఎలక్ట్రీషియన్ అన్నాడు, "గాలి తక్కువ అంటా ఉండాదన్నా. యాడ తక్కువో చెప్పలేదప్పా. అది మనం చూడాల."

చూడాల్సింది నేను. మొదటిసారి గాలి ఒత్తిడి కొలిచే సెన్సారు మార్చాను, సన్నగొట్టాలు రెండు మార్చాను. బండి తీసుకుని సూళ్ళూరుపేట రోడ్డు మీద పావుగంట గట్టిగా నడిపి చూశాను. బాణంలా పోయింది. తిరిగొచ్చి తాళం అతని చేతిలో పెట్టి, "ఇక ఆగదు, పో" అన్నాను.

అప్పుడు వెనక సీట్లో ఎక్కి కూర్చున్న వాళ్ళ ఆవిడ ఒక మాట అంది. "అన్నా, ఆగబోయే ముందర దానికి ఒక శబ్దం వస్తాది. నాకు ఊపిరాడనప్పుడు గొంతులో వస్తాదే, అట్టా ఎగబీలుస్తాది. ఆయనకి వినపడదు. నాకు తెలుస్తాది."

నేను నవ్వాను. "బండికి ఊపిరేందమ్మా. డీజిలు పోస్తే చాలు" అన్నాను. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆమె నవ్వలేదు. ముప్పై ఏళ్ళలో ఎవరూ అంత సూటిగా నాకు జబ్బు చెప్పలేదు. అయినా ఆ మాట నా చెవికెక్కలేదు. చెప్పింది ఆడమనిషి, రోగిష్టి, బండి నడపడం రాని మనిషి. నా మనసులో ఉన్నది అదే, దాచుకోను.

రెండు వారాలకు మళ్ళీ వచ్చింది బండి. నేను ఇంకో ఇంజన్ మీద ఉన్నాను. గేటు దగ్గర కడుగుతున్న పెద్దాయన లోపలికొచ్చి, "ఇంజన్ మీదంతా నూనె జిడ్డుండాదన్నా. సబ్బుకి కూడా పోవడంలా" అన్నాడు. నేను తల కూడా ఎత్తలేదు. నూనె జిడ్డు అంటే టర్బో సీలు పోయి నూనె కక్కుతోంది, ఇంకేముంటుంది? "కడిగెయ్, టర్బో పోయినట్టుంది" అన్నాను. పెద్దాయన కడిగేశాడు. అద్దంలా తుడిచిన ఇంజన్ నా ముందుకు వచ్చింది. ఆ జిడ్డు ఎక్కడెక్కడ ఉందో, ఏ రంగులో ఉందో, దాని వాసనేమిటో చూడాల్సిన నేను చూడకుండానే టర్బో విప్పడం మొదలుపెట్టాను.

ఫిల్టరు నుంచి టర్బోకు గాలి తీసుకుపోయే రబ్బరు పైపు ఒకటుంటుంది, మోచెయ్యంత పొడుగు. అది ఊడదీసి చేత్తో నొక్కి చూశాను. పాతబడిన రబ్బరు గట్టిపడి పగుళ్ళు తేలుతుంది. ఇది మెత్తగా ఉంది, ఒక్క పగులు లేదు. "ఈ బండిలో ఇదొక్కటే కొత్తదానిలా ఉంది" అని మెచ్చుకుని పక్కన పెట్టాను. తరువాత దాన్నే మళ్ళీ బిగించాను.

టర్బో మారింది. మూడు వారాలు బాగానే తిరిగింది. మళ్ళీ వెంకటాచలం. ఈసారి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టర్బో అమ్మినవాణ్ణి ఫోన్లో నానా మాటలు తిట్టాను. పాపం, అతను నోరు మూసుకుని ఇంకోటి పంపాడు. అదీ మార్చాను. మా ఎలక్ట్రీషియన్ గొణిగాడు, "రోగం ఒకటి, మందు ఇంకోటి అయిపోతా ఉండాదన్నా." వాణ్ణీ తిట్టాను. మళ్ళీ అదే పావుగంట నడక, మళ్ళీ అదే బాణం. మళ్ళీ "ఇక ఆగదు" అన్నాను.

పదో రోజు ఆగింది. వాళ్ళు ఆసుపత్రికి చేరేసరికి బెడ్డు ఇచ్చేశారు. మర్నాడు రమ్మన్నారు. ఆ మర్నాడు వచ్చేలోపే ఆమెకు ఊపిరి అందక ఇంకొక ఆసుపత్రిలో వేయాల్సి వచ్చింది. నాలుగు రోజులు ముక్కుకు గొట్టం. ఈ సంగతి నాకు ఆమె భర్త చెప్పలేదు. వాళ్ళ ఊరి నుంచి చేపలు తెచ్చే ఆమె మా ఇంట్లో చెబితే తెలిసింది. ఆ పూట నేను అన్నం ముందు కూర్చున్నాను. లేచి షెడ్డుకు పోయాను, షెడ్డులో నిలవలేక ఇంటికొచ్చాను, మళ్ళీ షెడ్డుకు పోయాను.

ఆమె ఇంటికి వచ్చిన తరువాత అతను నా దగ్గరికి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండేది. "అన్నా, నీ చేతికి అందని జబ్బైతే చెప్పెయ్. ఇంకో దారి చూసుకుంటా. ఆమెని అట్టా రోడ్డు మీద పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కావడంలా" అన్నాడు.

నేను గేటు వైపు చూపించి బండి కడగమనబోయాను, అలవాటు. మా ఎలక్ట్రీషియన్ అడ్డం వచ్చాడు. "కడగబాక, తెరవబాక, ముట్టుకోబాకన్నా. జ్వరం తగ్గినాక డాక్టరు కాడికి పోతే ఏం చూస్తాడు? వచ్చినప్పుడే చూడాల. రేపు నువ్వు కూడా ఆళ్ళతో పో."

జీవితంలో మొదటిసారి వాడు చెప్పింది చేశాను. మరునాడు పొద్దున్నే హైవే మీద నిలబడి వాళ్ళ బండి ఎక్కాను. ఒళ్ళో స్కానర్, ముందు సీటు. ఆమె వెనక సీట్లో పడుకుని ఉంది, నేను ఎక్కాక లేచి కూర్చుంది. నాయుడుపేట దాటిన దగ్గర్నుంచి నేను ఊరుకోలేదు. నిమిషానికోసారి వెనక్కి తిరిగి, "ఇప్పుడొస్తోందా అమ్మా ఆ శబ్దం? ఇప్పుడు?" అని అడుగుతూనే ఉన్నాను. ఆమె ఓపిగ్గా లేదు, లేదు అంటూ వచ్చింది. గూడూరు దాటింది. స్కానర్‌లో గాలి అంకెలు బాగానే ఉన్నాయి. అవి బాగుంటే జబ్బు దొరకదని నాకు భయం, పడిపోతే ఆమెకు ప్రమాదం. ఏది కోరుకోవాలో తెలియక సీట్లో అటూ ఇటూ మెసులుతూ కూర్చున్నాను.

వెంకటాచలం బోర్డు కనిపించకముందే ఆమె నా భుజం తట్టింది. "ఇదో. ఇప్పుడు." చెవి పెట్టి విన్నాను. ఇంజన్ రొద కింద సన్నగా ఒక ఎగబీల్పు. మరుక్షణం అంకెలు పడిపోయాయి, లైటు వెలిగింది.

"పక్కకు తియ్. ఇంజన్ మాత్రం ఆపబాక" అని అరిచి దూకాను. బానెట్ ఎత్తగానే వేడి నూనె, డీజిల్ కలిసిన వాసన గుప్పుమంది. నా షెడ్డులో ఎప్పుడూ ఈ బండి దగ్గర రాని వాసన. "రేజ్ చెయ్యి" అన్నాను. అతను తొక్కాడు. నేను మెచ్చుకుని పక్కన పెట్టిన ఆ రబ్బరు పైపు, నా కళ్ళముందే, పిల్లలు పీల్చేసిన పాల ప్యాకెట్టులా రెండు వైపులా అతుక్కుపోయింది. కాలు తీయగానే ఉబ్బింది. మళ్ళీ తొక్కమన్నాను, మళ్ళీ అతుక్కుంది. టర్బో పాపం గాలి కోసం పీలుస్తోంది, దారి మూసుకుపోతోంది. ఆ శబ్దం దానిది. ఆమె చెప్పినట్టు అది అచ్చంగా ఊపిరి అందకపోవడమే.

పైపు పట్టుకున్నాను. వేడికి అది ఉడికిన వంకాయలా జారిపోయింది. అరచెయ్యి నల్లగా జిడ్డయింది. "ఏందిది?" అన్నాను.

"నూనె గుడ్డ అన్నా" అన్నాడు అతను మామూలుగా. "పడవ ఇంజన్‌కి తుడుస్తాం గదా, పాత ఆయిలు, డీజిలు కలిపి. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా. మా నాయన కాలం నుంచీ అట్టానే. వేట నుంచి రాగానే తుడవకుండా మేము అన్నం తినం."

"దీనికి ఎప్పుడెప్పుడు తుడిచినావు?"

"మొదట్లో వారానికోసారి. ఇది ఆగిపోవడం మొదలైనాక, ఆస్పత్రికి పోయే ముందు దినం సాయంత్రం ప్రతిసారీ తుడుస్తా ఉండా. సందుసందునా, పైపులు కూడా వదలకుండా. నిన్న ఇంకా బాగా తుడిచినాను, నువ్వొస్తావని."

పడవ ఇంజన్ ఉట్టి ఇనుము. దానికి నూనె గుడ్డ రక్షణ. ఇక్కడ రబ్బరు ఆ డీజిల్ తాగి తాగి మెత్తబడింది. చల్లగా ఉన్నప్పుడు నిలబడుతుంది. గంటసేపు హైవే మీద వేడెక్కాక, గట్టిగా పీలిస్తే కూలిపోతుంది. నా పావుగంట నడకలో అది వేడెక్కనే లేదు. షెడ్డులో కడిగాక కొన్నాళ్ళు ఆరి కొంచెం గట్టిపడేది, తుడవగా తుడవగా మళ్ళీ మెత్తబడేది. బండి ఆగేకొద్దీ అతను ఎక్కువ తుడిచాడు, తుడిచేకొద్దీ బండి ఎక్కువ ఆగింది. వచ్చిన ప్రతిసారీ నేను ఆ నూనె అంతా నీళ్ళు కొట్టి కడిగించి, ఆనవాలు లేకుండా చేసి, అప్పుడు జబ్బు వెతికాను. 

"టైమెంతయిందన్నా?" వెనక సీట్లోంచి ఆమె అడిగింది. అప్పటికి ఏడుంపావు.

నిలబడి ఏడవడానికి వేళ కాదు. అక్కడికి కొంచెం ముందు రోడ్డు పక్కన రొయ్యల గుంటల మోటార్లు, పైపులు అమ్మే అంగడి ఉంది. పరిగెత్తాను. నా వయసులో అట్లా పరిగెత్తడం చూసి టీ బంకు దగ్గరున్నవాళ్ళు ఎవరికో యాక్సిడెంటయిందనుకుని లేచారు. అంగడివాడు అప్పుడే తాళం తీస్తున్నాడు. గుంటలోంచి నీళ్ళు పీల్చే మోటారుకు వేసే పైపు మీకు తెలుసు, చుట్టూ గట్టి తీగలా మెలిక ఉంటుంది, ఎంత పీల్చినా అతుక్కుపోదు. అది మూరెడు కోయించుకుని తెచ్చాను. మెత్తటి పైపు ఊడపీకి దీన్ని తగిలించి, వదులుగా ఉన్నచోట పాత ట్యూబు ముక్క చుట్టి క్లిప్పులు బిగించాను. ఇది పుస్తకంలో ఉండే పని కాదు, మీరెవరూ చేయకండి. నెల్లూరు దాకా నిలబడితే చాలని చేశాను. నిలబడింది. ఎనిమిదీ పదికి ఆమెను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయారు. బెడ్డు ఉంది.

ఆ నాలుగు గంటలు మేమిద్దరం ఆసుపత్రి బయట అరుగు మీద కూర్చున్నాం. అతను కూర్చున్నాడు, నేను తిరుగుతున్నాను. నా దగ్గర ఒక అబద్ధం తయారుగా ఉంది. పైపు నాసిరకం, పాతబడింది, మార్చేస్తే సరి. అంతే చెబితే చాలు. అతనికి బాధ లేదు, నాకు చెడ్డపేరు లేదు. ఇద్దరికీ లాభమైన అబద్ధం అంత తొందరగా దొరకదు.

అతనే అడిగాడు. చాలాసేపు తన చేతులు చూసుకుని, తల ఎత్తకుండా అడిగాడు. "అన్నా, దాచబాక. ఆమె నాలుగు దినాలు గొట్టం పెట్టుకుని పడుండింది నా వల్లేనా?"

నా కాళ్ళు ఆగిపోయాయి. అబద్ధం నాలిక చివర ఉంది. దాన్ని మింగి, పోయి అతని పక్కన కూర్చున్నాను.

"నూనెకు రబ్బరు పాడైన మాట నిజమే" అన్నాను. "నీకు తెలియదు, నువ్వు బండి బాగుండాలని చేసినావు. తెలిసినవాణ్ణి నేను. ఇంజన్ మీద జిడ్డుందని మా పెద్దాయన చెప్పినాడు, నేను లేచి చూడలా, కడిగెయ్యమన్నా. పైపు మెత్తగా ఉందని నా చేతికి తెలిసింది, బాగుందనుకున్నా. శబ్దం ఎట్టుంటదో మీ ఆవిడ చెప్పింది, నవ్వినా. మొదటిసారే చూసుంటే ఆమె ఆ మంచం ఎక్కేది కాదు. లెక్క వేస్తే నాదే పెద్దది."

అతను లేచి కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా రుద్దుతూనే ఉన్నాడు. నాకు చూడబుద్ధికాక అటు తిరిగి నిలబడ్డాను.

పన్నెండు దాటాక ఆమె బయటికి వచ్చింది, మోచేతికి దూది అంటించుకుని, నీరసంగా. ఇద్దరి ముఖాలూ చూసింది. ఏదో జరిగిందని ఆమెకు అర్థమైనట్టే ఉంది, అది ఏమిటని మాత్రం అడగలేదు. "ఎల్లుండికి బండి వస్తాదా, రాదా? అది చెప్పండి" అంది.

అతను నా వైపు చూశాడు. రేపే అసలైన పైపు తెప్పించి వేస్తానని, చుట్టుపక్కల రబ్బరంతా మారుస్తానని చెప్పాను. ఆగదని మాత్రం అనలేకపోయాను. "ఎల్లుండి నేను కూడా మీతో వస్తానమ్మా" అన్నాను.

ఆమె కారు తలుపు పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. "రా అన్నా. వచ్చి ముందు సీట్లో గమ్ముగా కూర్చో. నిమిషానికోసారి వెనక్కి తిరిగి నన్ను అడగబాక. నేను పడుకోవాల" అంది.

ఎల్లుండి కొత్త పైపుతో బయలుదేరాం. స్కానర్ తీసుకుపోలేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. గూడూరు దాటాక నా చొక్కా చెమటకు తడిసిపోయింది. అతను నా వైపు చూడలేదు, నేను అతని వైపు చూడలేదు. వెంకటాచలం దాటి, టోల్ గేటు కూడా దాటాక ఇక ఆగలేక, ఆమె వద్దన్నా సరే, ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. ఆమె నిద్రపోతోంది.